ఎండలో పెట్టిన సీసాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నా క్లాస్‌మేటే. ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు ఇన్నేళ్లూ ఏం చేశావో ఓ అరగంట చెప్పు. కాకపోతే మాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నాడు. మొదటిది తేలికే. రెండోదే కష్టం. అయినా ప్రయత్నిస్తాను.

నేను చేసిన పని ఒక్క మాటలో ఇది: ఒక పదార్థం మీద వెలుతురు పడితే అందులోని అణువుకు ఏమవుతుంది, ఏది ముందు, ఏది తరువాత అవుతుంది అని కనుక్కోవడం. దీనికి కాంతి రసాయనశాస్త్రమని పేరు. ముందూ వెనుకల ఆ వరసకు చర్యా విధానమని పేరు. పేర్లు పెద్దవే గాని విషయం మీ ఇంట్లోదే. తెల్లచొక్కా మీద సాంబారు పడితే పసుపు మరక సబ్బుతో పోదు, పైగా ఎర్రబడుతుంది. ఉతికి ఎండలో ఆరేస్తే మాత్రం క్రమంగా పోతుంది. పసుపులోని కర్కుమిన్ వెలుతురును పీల్చుకుని ముక్కలవుతుంది కాబట్టి. దండెం మీద రోజుల తరబడి ఉన్న చీర వెలిసిపోవడమూ, కొన్ని మందులు గోధుమరంగు సీసాల్లోనే రావడమూ ఇలాంటివే. మన అమ్మమ్మలకు ఫలితం తెలుసు. మేము కారణం వెతికాం.

వేడి కూడా పదార్థాలను మారుస్తుంది కదా, వెలుతురు ప్రత్యేకత ఏమిటని అడగవచ్చు. వేడి అంటే తరగతి మొత్తాన్నీ ఒకేసారి కుదిపినట్టు. అణువులన్నీ తలా కాస్తా ఊగుతాయి. వెలుతురు అలా కాదు. ఒక్క అణువును పట్టుకుని దానికొక్కదానికే పెద్ద మొత్తం ఇస్తుంది. 300 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి లెక్క తీస్తే ఒక మోల్‌కు సుమారు 95 కిలోకేలరీలు వస్తుంది. మామూలు కార్బన్-కార్బన్ బంధం తెంచడానికి సుమారు 83 చాలు. అంటే సీసా చేతికి చల్లగానే ఉంటుంది, లోపల మాత్రం బంధాలు తెగడానికి సరిపడా శక్తి అణువుకు అందుతూ ఉంటుంది. పొయ్యి మీద పెడితే రాని పదార్థాలు ఎండలో పెడితే రావడానికి కారణం ఇదే.

నాకు ఈ దారి చూపింది మన సైన్సు మాస్టారు. పేరు చెప్పనక్కర్లేదు, ఆయన దగ్గర చదివినవాళ్లు ఈ హాలులో సగం మంది ఉన్నారు. ఆ రోజుల్లో మనం ఉదజని, ఆమ్లజని అని చదువుకున్నాం. సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ఉప్పునీళ్లు పోస్తే పెరుగులా విరుగుతుంది. ఆ తెల్లటి మడ్డిని కాగితానికి పూసి, మీద వేపాకు పెట్టి, ఎండలో ఉంచారు. ఆకు తీస్తే దాని ఆకారం తెల్లగా మిగిలింది, చుట్టూ నల్లబడింది. "ఎండకు నల్లబడింది సార్" అన్నాం. "ఎండలో వేడీ ఉంది, వెలుతురూ ఉంది. నల్లబడింది దేనివల్లో ఎలా తెలుసు?" అని అడిగారు. ఇంకో కాగితాన్ని చీకట్లో వెచ్చని ఇటుక మీద పెట్టించారు. అది నల్లబడలేదు. ఒక సంగతి నమ్మాలంటే రెండో కాగితం కావాలని ఆ రోజు తెలిసింది. ఆ తరువాత నేను చేసినదంతా ఆ రెండో కాగితం వెతకడమే.

1968లో ఇక్కడ ఎస్సెస్సెల్సీ, ఆపైన పీయూసీ, బీయస్సీ, 1974లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్సీ, తరువాత కాన్పూరు ఐఐటీలో పీహెచ్‌డీ. తెలుగు మీడియం నుంచి వెళ్లినవాడికి అక్కడి ఇంగ్లీషు ఎలా ఉంటుందో మీరు ఊహించగలరు. మొదటి ఆరు నెలలు నేను వినడమే ఎక్కువ. కాని సీసాలో జరిగేదానికి భాష అక్కర్లేదు.

అక్కడ నా చేత మొదట చేయించిన ప్రయోగం గురించి చెబుతాను. ఇది పాతది. ఇటలీలోని బొలోన్యాలో జాకోమో చమీచాన్, పాల్ సిల్బర్ అనే ఇద్దరు 1900 ప్రాంతంలోనే చేశారు. అప్పుడు మంచి దీపాలు లేవు. వాళ్లు సీసాల్లో ద్రావణాలు పోసి తమ విభాగం డాబా మీద ఎండలో వరసగా పెట్టేవారు. అప్పడాలు ఆరబెట్టినట్టే. ఆ చమీచాన్ 1912లో న్యూయార్కులో మాట్లాడుతూ, బొగ్గు తరిగిపోయేది గనుక మనుషులు సూర్యకాంతితో రసాయనాలు తయారుచేయడం నేర్చుకోవాలని, ఎడారుల్లో పొగ లేని పరిశ్రమలు వస్తాయని చెప్పాడు. నూరేళ్లు దాటింది. ఇప్పుడు మనం సోలార్ పలకల గురించి మాట్లాడుతున్నాం.

ప్రయోగం ఇది. బెంజోఫినోన్ అనే తెల్లని పదార్థాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కరిగించి, ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లం వేసి, మూత బిగించి ఎండలో పెట్టాలి. కొన్ని రోజులకు అడుగున మెరిసే స్ఫటికాలు పేరుకుంటాయి. అది బెంజోపినకాల్. వెలుతురు తీసుకున్న బెంజోఫినోన్ పక్కనున్న ఆల్కహాలు నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. అలా తయారైన రెండు ముక్కలు కలిసి ఈ స్ఫటికం అవుతాయి.

ఇప్పుడు అదే ద్రావణాన్ని రెండో సీసాలో పోసి, అందులో కాస్త నాఫ్తలీన్ కలపండి. బట్టల బీరువాలో వేసే కలరా ఉండల పదార్థమే. ఈ సీసానూ అదే ఎండలో పెట్టండి. స్ఫటికాలు దాదాపు రావు. ఎందుకు?

మొదట వచ్చే అనుమానం, నాఫ్తలీన్ వెలుతురుకు అడ్డం పడిందేమో అని. అడ్డం పడలేదు. నాఫ్తలీన్ పీల్చే కాంతిని గాజుసీసాయే చాలావరకు ఆపేస్తుంది. గాజును దాటి లోపలికి వచ్చే కాంతిని బెంజోఫినోనే పీలుస్తుంది. అయితే నాఫ్తలీన్ ఏం చేస్తోంది?

వెలుతురు తీసుకున్న అణువును మేడెక్కిన మనిషి అనుకోండి. మేడ మీద రెండు గదులు. పై గదిని సింగ్లెట్ అంటారు, దానికి కాస్త కిందున్న గదిని ట్రిప్లెట్ అంటారు. బెంజోఫినోన్ పై గది ఎత్తు సుమారు 75 కిలోకేలరీలు, కింది గది 69. నాఫ్తలీన్ పై గది 90, కింది గది 61. ఒకరి చేతిలోని బరువు ఇంకొకరు అందుకోవాలంటే అందుకునేవాళ్లు కింద ఉండాలి. 75 ఎత్తులో ఉన్నవాడు 90 ఎత్తులో ఉన్నవాడికి అందించలేడు. 69 నుంచి 61కి మాత్రం సులువుగా దిగుతుంది. నాఫ్తలీన్ చర్యను ఆపగలిగిందంటే బెంజోఫినోన్ కింది గదిలో, అంటే ట్రిప్లెట్‌లో ఉన్నప్పుడే శక్తిని తీసేసుకుందన్నమాట. కాబట్టి హైడ్రోజన్‌ను లాక్కునేది కూడా ఆ ట్రిప్లెటే.

గమనించండి. బెంజోఫినోన్ పై గది నుంచి కింది గదికి దిగడానికి పట్టే కాలం సెకనులో దాదాపు పదివేల కోట్లో వంతు. దాన్ని మనం కంటితో చూడలేదు. ఒక కలరా ఉండతో, రెండు సీసాలతో, నాలుగు అంకెలతో తేల్చాం. ఈ తర్కాన్ని 1950ల చివర, 1960ల మొదట్లో అమెరికాలో జార్జి హామండ్ బృందం పకడ్బందీగా వాడింది. నాకు అది చదివినప్పుడు మన మాస్టారి వెచ్చని ఇటుకే కనిపించింది.

పీహెచ్‌డీ తరువాత మూడేళ్లు అమెరికాలో పనిచేశాను. అక్కడ ఈ లెక్కలను నేరుగా కొలిచే యంత్రం ఉంది. ఒక్క క్షణం పాటు తీవ్రమైన కాంతిని కొట్టి, వెంటనే లోపల ఏముందో రెండో కాంతితో చూస్తారు. ఫ్లాష్ ఫోటాలిసిస్ అంటారు. దీన్ని రూపొందించిన రోనాల్డ్ నోరిష్, జార్జి పోర్టర్‌లకు 1967లో మాన్‌ఫ్రెడ్ ఐగెన్‌తో పాటు నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు ఊహించిన మధ్యస్థ రూపాలు పుట్టడమూ పోవడమూ ఆ తెర మీద గీతలా కనిపిస్తుంది. మొదటిసారి చూసిన రాత్రి నేను నిద్రపోలేదు.

1982లో తిరిగి వచ్చేశాను. హైదరాబాదులో ఉద్యోగం. ఇక్కడ యంత్రాల సంగతి వేరు. మెర్క్యురీ దీపం ఒకటి కాలిపోతే కొత్తది విదేశం నుంచి తెప్పించాలి, దానికి అనుమతులు కావాలి. ఒకసారి ఆ కాగితాలు ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరిగి వచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. నా దగ్గర ఇద్దరు పరిశోధక విద్యార్థులున్నారు, వాళ్ల ఫెలోషిప్ గడువు మాత్రం ఆగదు. అప్పుడు చమీచాన్‌ను తలచుకుని డాబా ఎక్కాం. హైదరాబాదు ఎండకు లైసెన్సు అక్కర్లేదు కదా. డాబా మీద మేము చేసినవి స్ఫటికాల్లోని చర్యలు.

ఈ స్ఫటికాల సంగతి మన బడి భాషలో చెప్పవచ్చు. దాల్చినచెక్క వాసనకు దగ్గరి చుట్టం సినమిక్ ఆమ్లం. దీన్ని ద్రావణంలో వెలుతురుకు పెడితే అణువులు ఒకదానితో ఒకటి పెద్దగా కలవవు. స్ఫటికంగా చేసి పెడితే రెండేసి అణువులు జతకట్టి నాలుగు కార్బన్ల వలయం ఏర్పడుతుంది. విచిత్రమేమిటంటే, ఒకే ఆమ్లం వేర్వేరు రకాల స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఒక రకం ఒక జతను ఇస్తుంది, ఇంకో రకం వేరే జతను ఇస్తుంది, మూడో రకం ఏమీ ఇవ్వదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో గెర్హార్డ్ ష్మిట్ బృందం 1964లో దీని గుట్టు విప్పింది. బెంచీ మీద పక్కన ఎవరు కూర్చున్నారన్నదే అసలు విషయం. పక్క అణువులోని ద్విబంధం సుమారు 4.2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు, సమాంతరంగా ఉంటే కలుస్తాయి. దూరమైతే కలవవు. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. మన స్నేహాలు కూడా అలాగే కదా? ఆరో తరగతిలో మాస్టారు ఎవరి పక్కన కూర్చోబెట్టారో వాళ్లే ఇవాళ ఈ హాలులోనూ పక్కపక్కన కూర్చున్నారు. ఇష్టమైన అణువులను కావలసిన దూరంలో కూర్చోబెట్టడం ఎలాగన్నదే నా పదిహేనేళ్ల పని.

ఇక అసలు ప్రశ్న. 1990ల్లో ఒక సమీక్షా సంఘం ముందు మా పని వివరిస్తున్నాను. ఒక సభ్యుడు, "ఇదంతా బాగుంది, దీనివల్ల దేశానికి ఏమిటి ఉపయోగం?" అన్నారు. మా నాన్న కూడా అదే అడిగేవారు, ఇంకొంచెం సూటిగా: "ఎండలో పెడితే ఏదైనా మారుతుందిరా, దానికి ఇన్నేళ్ల చదువా?" ఆ ప్రశ్న తప్పని నేను అనను. నా జీతం జనం డబ్బు. అడిగే హక్కు వాళ్లకుంది. ఆ రోజు నా జవాబు వాళ్లకు సరిపోలేదు. ఆ ప్రాజెక్టుకు నిధులు ఆగిపోయాయి. ఉన్న ఒక్క విద్యార్థినికి వేరే పథకంలో చోటు చూడాల్సి వచ్చింది. మందుల పని చేస్తే డబ్బుకు కొదవ ఉండదని స్నేహితులు చెప్పారు. సగం సమయం అటు ఇచ్చాను, సగం స్ఫటికాలకే ఉంచుకున్నాను.

ఆ జవాబు తరువాత రెండు చోట్ల దొరికింది.

మొదటిది. పేరెందుకు గాని, ఒక మందుల కంపెనీవాళ్లు వచ్చారు. రక్తపోటుకు వాడే నిఫెడిపిన్ వాళ్ల దగ్గర నిల్వలో పాడవుతోంది. ముడిసరుకు అమ్మేవాళ్లను మార్చారు, నీటి శాతం తగ్గించారు, ఫలితం లేదు. మేము ఆ అణువు బొమ్మ చూడగానే గుర్తుపట్టాం. ఒక నైట్రో సమూహం, దాని పక్కనే హైడ్రోజన్. వెలుతురు పడితే నైట్రో సమూహం తన ఆక్సిజన్‌ను వదులుకుని నైట్రోసోగా మారుతుంది. ఇలాంటి మార్పునే చమీచాన్, సిల్బర్‌లు 1901లో ఆర్థో నైట్రోబెంజాల్డిహైడ్‌లో చూశారు. అప్పటికి నిఫెడిపిన్ అనే మందే లేదు. కంపెనీ ప్యాకింగు గదికి వెళ్లి చూస్తే నెత్తిమీద వరసగా ట్యూబులైట్లు. వాటిని తీసేసి పసుపు దీపాలు పెట్టమన్నాం. సరిపోయింది. ఉపయోగం లేదనుకున్న 1901 నాటి సీసా తొంభై ఏళ్లు దాటాక పనికొచ్చింది.

రెండోది మా ఇంట్లో. 2009లో మా మనవరాలు పుట్టిన మూడో రోజున ఒళ్లు పచ్చబడింది. పసికామెర్లు. ఆసుపత్రిలో కళ్లకు గంతలు కట్టి నీలి దీపం కింద పడుకోబెట్టారు. మా అమ్మాయి ఆ గంతలు చూసి ఒకటే ఏడుపు. "నాన్నా, ఆ లైటుతో ఏమవుతుంది?" అని అడిగింది. జీవితంలో మొదటిసారి మా ఇంట్లో ఎవరో నా సబ్జెక్టులో ప్రశ్న అడిగారు.

నేను చెప్పిందిది. పచ్చదనానికి కారణం బిలిరుబిన్. ఆ అణువు తన చేతులతో తనను తానే కావలించుకుని ముడుచుకుని ఉంటుంది. లోపల హైడ్రోజన్ బంధాలు. అందుకే నీళ్లలో కరగదు. పెద్దవాళ్ల కాలేయం దానికి ఇంకో ముక్క తగిలించి కరిగేలా చేసి బయటికి పంపిస్తుంది. పసిబిడ్డ కాలేయానికి ఆ పని ఇంకా పూర్తిగా చేతకాదు. ఎక్కువగా పేరుకుంటే మెదడుకు ప్రమాదం. నీలి వెలుతురు చర్మం మీద పడితే బిలిరుబిన్‌లో ఒక ద్విబంధం దగ్గర అణువు మెలి తిరుగుతుంది. కౌగిలి విడిపోతుంది. ఇక అది నీళ్లలో కలిసి, కాలేయం తగిలించే ముక్కతో పనిలేకుండానే పిత్తంతో బయటికి పోతుంది.

దీన్ని మొదట గమనించింది శాస్త్రవేత్త కాదు. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అనే నర్సు. బిడ్డలను ఎండలోకి తీసుకెళ్లేది. ఎండ తగిలినచోట పచ్చదనం తగ్గి, దుప్పటి కప్పినచోట అలాగే ఉండడం చూసి డాక్టర్లకు చూపించింది. మన వేపాకు బొమ్మే! 1958లో అక్కడి డాక్టర్లు దీపం తయారుచేసి ఫలితాలు ప్రచురించారు. కాని లోపల జరిగేదేమిటో తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. వెలుతురు బిలిరుబిన్‌ను ముక్కలు చేస్తోందని మొదట అనుకున్నారు. మెలి తిరగడమే త్వరగా జరిగే మార్పని ఆంటొనీ మెక్‌డొనా, డేవిడ్ లైట్నర్ వంటి రసాయనవేత్తలు తేల్చారు. చర్య ఎలా జరుగుతోందో తెలిస్తేనే ఏ రంగు దీపం కావాలో, చర్మానికి హాని చేసే అతినీలలోహిత కాంతి ఎందుకు అక్కర్లేదో తెలుస్తుంది. ఒక్క మాట, పచ్చబడిన బిడ్డను ఇంటి ముందు ఎండలో పెట్టి ఊరుకోకండి. ఎంత మోతాదో ఎండకు తెలియదు. డాక్టరుకు చూపించండి.

నా మనవరాలు రెండు రోజుల్లో ఇంటికి వచ్చింది. ఆ చర్యా విధానం కనుక్కున్నవాళ్లలో నేను లేను. కాని నేను నలభై ఏళ్లు మోసిన మూట లాంటిదే వాళ్లూ మోశారు. వాళ్లనూ ఎవరో ఒకరు ఉపయోగమేమిటని అడిగే ఉంటారు.

మిత్రులారా, ఇక ముగిస్తాను. ముగించే ముందు ఒక విన్నపం. పొద్దున మన ప్రయోగశాల చూసి వచ్చాను. తాళం వేసి ఉంది. అటెండరు తీసి చూపించాడు. బీకర్లు దుమ్ము పట్టాయి, అలమారులో రసాయనాల సీసాల మీద పేర్లు చెరిగిపోయాయి. ఇది ఇప్పటి ఉపాధ్యాయుల తప్పు కాదు. ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఖాళీగా ఉంది, పిల్లలకు మార్కులు ప్రయోగం బొమ్మకే వస్తున్నాయి. స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం కట్టించాలన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుందని విన్నాను. తోరణం అందంగానే ఉంటుంది. కాని దాని కింద నుంచి నడిచివెళ్లే పిల్ల సిల్వర్ క్లోరైడు నల్లబడడాన్ని పుస్తకంలోనే చూస్తే ఆ తోరణం దేనికి స్వాగతం పలికినట్టు?

నా మనవి ఇది. ముందు ప్రయోగశాల తెరిపిద్దాం. పాత రసాయనాలను జాగ్రత్తగా తీయించి, కుళాయి, సింకు, కిటికీలు బాగుచేయిద్దాం. ఖరీదైనవేవీ అడగను. వేపాకులు మన ఆవరణలోనే ఉన్నాయి. ఎండకు కొదవ లేదు. రెండేళ్లపాటు ఒక అసిస్టెంటు జీతం సంఘం భరించగలిగితే, ఈలోగా ప్రభుత్వ పోస్టు కోసం అందరం కలిసి అడుగుదాం. మొదటి ఏడాది జీతం నేను ఇస్తాను. నెలకోసారి, రెండో శనివారం, నా ఆరోగ్యం సహకరించినన్నాళ్లూ వచ్చి పిల్లలతో ప్రయోగాలు చేయిస్తాను. ఉపాధ్యాయులు అనుమతిస్తేనే. రేపు ఉదయం పది గంటలకు కార్యవర్గ సమావేశం ఉంది. అక్కడ ఈ విషయం మీద చెయ్యెత్తేవాళ్లు ఎందరుంటారో చూడాలని ఉంది.